కాలదోషం పట్టిన పాపం

మా సమాఖ్యలో పాపానికి గడువు మూడు నెలలు. ఆ లోపల చేసిందే పాపం, అంతకు ముందు చేసింది చరిత్ర. ఇది బైబిలు వాక్యంలో ఎక్కడుందని నన్నడక్కండి. మా కార్యాలయం నియమావళిలో ఉంది, నాలుగో ప్రకరణం రెండో పేరాలో. టైపు చేసింది నేనే కాబట్టి బాగా గుర్తు.

నా పేరు జాలాది కర్నేలి. డెల్టాలో నూట పన్నెండు సంఘాలున్న మా సువార్త సమాఖ్య కార్యాలయంలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాని. టైపు మిషను మీద చేరాను, ఇప్పుడు కంప్యూటరు మీద కొడుతున్నాను. ఈ మధ్యలో ఆరుగురు అధ్యక్షులు మారారు. ప్రతివారూ ఏదో ఒక ఉత్సాహంతో వచ్చారు. ఒకాయన హయాంలో ప్రతి మందిరానికీ గంట, ఇంకొకాయన హయాంలో ప్రతి పాస్టరుకీ తెల్ల బూట్లు. వారి ఉత్సాహాన్ని సర్క్యులరుగా మార్చడం నా ఉద్యోగం. సర్క్యులరు కింద ఎడమ మూల, టైపు చేసినవాడి పొడి అక్షరాలు వెయ్యడం మా ఆఫీసు ఆచారం. నేను జా.క. అని వేస్తాను. తప్పులొస్తే ఎవణ్ణి తిట్టాలో పైవాళ్ళకి తెలియాలి కదా.

ఇప్పటి అధ్యక్షులుగారు కిందటేడు బెంగుళూరులో పాస్టర్ల ఆత్మీయ ఆరోగ్యం మీద జరిగిన మూడు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. మొదటి రెండు రోజులూ అక్కడేం చెప్పారో ఆయన మాకు చెప్పలేదు. మూడో రోజు విన్న మాట మాత్రం ఆయన్ని పట్టుకుంది. పాస్టర్లు ఊళ్ళో వాళ్ళందరి పాపాలూ వింటారు, వాళ్ళ పాపం వినే మనిషి ఒక్కడూ ఉండడు, అందుకే లోపల్లోపల పుచ్చిపోతారు అని. నిజానికి బంగారం లాంటి మాట. అంతటి మాట కూడా మా ఆఫీసు గుమ్మం తొక్కితే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వారం తిరక్కుండా సర్క్యులరు తయారైంది. ‘ప్రభువునందు ప్రియ సేవకులకు వందనములతో తెలియజేయునది ఏమనగా, పాస్టరుల ఆత్మీయ ఆరోగ్య పరిరక్షణార్థము కార్యాలయమునందు ఒప్పుకోలు విభాగము ఏర్పాటు చేయబడినది. ప్రతి పాస్టరు మూడు నెలలకొకసారి కనీసము మూడు పాపములను నిర్ణీత నమూనాలో, రెండు ప్రతులలో ఒప్పుకొనవలెను. ఒప్పుకోలు గోప్యము. కార్యాలయమునకు తప్ప అన్యులకు ఒప్పుకొనినచో క్రమశిక్షణా చర్య తీసుకొనబడును. ఆరోగ్య పత్రము పొందనివారు బల్ల ఇయ్యరాదు.’

బల్ల అంటే తెలియనివారికోసం చెబుతున్నాను. నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనాన్ని మేం బల్ల అంటాం. ప్రసంగం ఎవరైనా చేస్తారు. బల్ల ఇచ్చే చెయ్యి పాస్టరుది. ఆ చెయ్యి కట్టేస్తామనగానే నూట పన్నెండు మందీ కాగితాలు తెప్పించుకున్నారు.

నమూనాలో నాలుగు గళ్ళున్నాయి. పాపం పేరు, చేసిన తేదీ, చేసిన స్థలం, ఎవరి పట్ల చేశారు. చివరి గడిలో మూడు చిన్న పెట్టెలు: దేవుని పట్ల, సంఘము పట్ల, కార్యాలయము పట్ల. ఒకదానిలో టిక్కు పెట్టాలి.

మొదటి విడతలో నూట తొమ్మిది మంది మొదటి పాపంగా ‘తగినంత ప్రార్థన చేయలేకపోవుచున్నాను’ అని రాశారు. రెండోది ‘వాక్యధ్యానములో అలసత్వము’. మూడోది కొంచెం అటూ ఇటూగా ‘కోపము వచ్చినది కాని ఆపుకొంటిని’. మిగిలిన ముగ్గురూ ఏమీ లేవని రాశారు. వాళ్ళ కాగితాలు తిప్పి పంపుతూ విభాగం కార్యదర్శి రెవరెండ్ సీలాసుగారు ఎర్ర సిరాతో ‘గర్వము’ అని రాశారు. ఆ ముగ్గురూ సంతోషించారు. ఒకటి ఆఫీసువాళ్ళే ఇచ్చారు, ఇంకా రెండే వెతుక్కోవాలి.

సీలాసుగారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన పూర్వం మా సమాఖ్య బడుల తనిఖీ చూసేవారు. మనిషి చెడ్డవాడు కాదు. ఖాళీ గడి కనిపిస్తే మాత్రం అన్నం సహించదు. ఆ నూట తొమ్మిది కాగితాలూ చదివి, కళ్ళజోడు తీసి, “పాపములలో నాణ్యత లోపించినది కర్నేలీ” అన్నారు.

నాణ్యత పెంచడానికి రెండో విడత నుంచి మార్కులు పెట్టారు. పోయినసారి రాసిన పాపం మళ్ళీ రాయకూడదు. తేదీ గడువులోపల ఉండాలి. పెద్ద పాపానికి పెద్ద మార్కు, మార్కులెక్కువ వచ్చినవారికి బదిలీల్లో పట్నం సంఘం. ఇంకేముంది, పాపం పెరిగింది. ఒకాయన పక్క ఊరి పాస్టరు మోటారు సైకిలు చూసి అసూయపడ్డానని రాశాడు. అసూయ నిజమో కాదో తేల్చడానికి పాప నిర్ధారణ సంఘం వేశారు. వాళ్ళు ముందుగా ఆ మోటారు సైకిలు కాగితాల నకలు పంపమన్నారు. ఇంకొకాయన పెళ్ళి ప్రార్థన చేస్తూ నిలబడే నిద్రపోయానన్నాడు. ఆయన్ని పెళ్ళి వీడియో పట్టుకురమ్మన్నారు. వీడియోలో పెళ్ళికొడుకు కూడా నిద్రపోతున్నాడు గాని అతను మా పరిధిలోకి రాడు.

తనిఖీల్లో కొన్ని పాపాలు జరగనే లేదని తేలింది. చెయ్యని పాపం చేశానని రాస్తే అది అబద్ధం. అబద్ధం పాపమే. అయితే ఆ అబద్ధాన్ని మూడింట్లో ఒకటిగా జమ కట్టొచ్చా, కూడదా? ఈ ప్రశ్న మీద విభాగం రెండు రోజులు కూర్చుంది. విడతకి ఒక్కసారి కట్టొచ్చని నిర్ణయం వచ్చింది. ఆ నిర్ణయం కూడా నేనే టైపు చేశాను.

ఆఖరు తేదీన మా ఆఫీసు ఎదుటి టీ బంకు దగ్గర నిలబడితే చాలు, పాస్టర్ల మాటలు చెవిన పడేవి. “నా దగ్గర కోపాలు రెండున్నాయి అన్నా, నీ దగ్గర అసూయేమన్నా మిగిలిందా” అని ఒకాయన అడుగుతుంటే ఇంకొకాయన సంచీలో వెతుక్కుంటున్నాడు. పట్నం పాస్టరు తీతుగారు పదకొండు పేజీల ఒప్పుకోలు ఇచ్చారు, విషయసూచికతో సహా. ఆయనకి ‘సంపూర్ణ ఆరోగ్యము’ అని లామినేషను చేసిన పత్రం, మహాసభలో శాలువా దక్కాయి. నేను నవ్వుకుంటూ ఇంటికెళ్ళేవాణ్ణి. ఒకళ్ళ పాపం ఇంకొకళ్ళకి వినోదమంటే ఏమిటో ఆ ఆరు నెలల్లో తెలిసింది.

మూడో విడతలో లాకులపాడు నుంచి తలారి ఫిలేమోనుగారి కాగితం వచ్చింది.

ఫిలేమోనుగారికి ఆ నెల ఆఖరు ఆదివారంతో రిటైర్మెంటు. ఒకే ఊళ్ళో పాతికేళ్ళు పాస్టరుగా ఉన్నవాళ్ళు మా సమాఖ్యలో ఆయనొక్కరే. పట్నం సంఘం ఏనాడూ అడగలేదు, ఆఫీసుకొస్తే టిఫిను డబ్బా తెచ్చుకుని వరండాలో తిని వెళ్ళేవారు. ఆయన మూడు పాపాలు రాయలేదు. ఒక్కటే రాశారు, దానికి రెండు పేజీలు జత చేశారు.

ఆయన ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఏడాది, సంఘంలో ఏసోబు అనే మనిషి ఊరి అమ్మవారి జాతరలో డప్పు కొట్టాడు. డప్పు అతని కులవృత్తి, పిలిస్తే వెళ్ళాలి. సంఘం పుస్తకంలోంచి అతని పేరు కొట్టేశారు. మూడు వారాలకి ఏసోబు పచ్చకామెర్లతో పోయాడు. అతని భార్య సువార్తమ్మ సమాధుల దొడ్డిలో చోటివ్వమని వచ్చింది. ఫిలేమోనుగారు దొడ్డి గేటు దగ్గర తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడి, కుదరదన్నారు. వానలో ఇంటివాళ్ళే కాలవ గట్టు మీద పాతిపెట్టుకున్నారు. ‘అది జరిగి ఇరవై నాలుగేళ్ళు. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. ప్రతి ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చుంటుంది. బల్ల మాత్రం తీసుకోదు. నేను రొట్టె పట్టుకున్న ప్రతిసారీ ఆ చాప వైపు చూస్తాను. ఇప్పుడామెకి చెవులు మందగిస్తున్నాయి. అవి పూర్తిగా పోకముందు, నేను ఊరు వదలకముందు, నాది తప్పని ఆమెతో చెప్పుకోడానికి అనుమతి కోరుతున్నాను.’

చివరి గడిలో మూడు పెట్టెలూ కొట్టేసి, పక్కన చేత్తో ‘సువార్తమ్మ పట్ల’ అని రాశారు.

ఆరు నెలలుగా కట్టలకొద్దీ పాపాలు చదివినవాణ్ణి నేను. ఆ రెండు పేజీలూ చదివాక నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో ఆ రోజున తెలియలేదు.

సీలాసుగారు దాన్ని మూడుసార్లు చదివారు. పాపాలు మూడుండాల్సిన చోట ఒకటే ఉందన్నారు. నమూనాలో పెట్టెలు కొట్టేయడం కార్యాలయ ఆస్తికి నష్టం కలిగించడమన్నారు. తేదీ చూసి నిట్టూర్చారు. ఇరవై నాలుగేళ్ళనాటి పాపం ఇప్పుడు తీసుకుంటే రేపు ప్రతివాడూ చిన్నప్పటివి పట్టుకొస్తాడన్నారు. తర్వాత తలుపు దగ్గరగా వేయించి, గొంతు తగ్గించారు.

“వెలివేయబడినవారికి సమాధుల దొడ్డిలో స్థలము ఇయ్యరాదని అప్పట్లో మన కార్యాలయమే ఉత్తర్వు ఇచ్చియున్నది. ఉత్తర్వు పాటించుట పాపమైనచో ఉత్తర్వు ఇచ్చుట ఏమగును కర్నేలీ? ఆ దిక్కునకు మనము పోవలదు.”

పోలేదు. నాచేత జవాబు టైపు చేయించారు. ‘సదరు పాపమునకు కాలదోషము పట్టినందున త్రోసిపుచ్చడమైనది. దానికి బదులుగా సమాన విలువ గల మూడు తాజా పాపములను శనివారములోగా సమర్పించనియెడల ఆరోగ్య పత్రము నిరాకరించబడును. సదరు స్త్రీతో ఈ విషయమై సంభాషించుట గోప్యతా ఉల్లంఘనగా పరిగణించబడును.’ టపాలో పంపితే గడువు దాటిపోతుందని కాగితం నాకిచ్చి లాకులపాడు బస్సెక్కించారు. కాగితం అందగానే ఆయన ఏమంటారో, ఏం చేస్తారో రాసుకు రమ్మన్నారు కూడా.

నేను వెళ్ళేసరికి ఫిలేమోనుగారు మందిరం వసారాలో పాటల పుస్తకాలకి అట్టలేస్తున్నారు. కాగితం చదివారు. కాలదోషం అన్నచోట వేలు పెట్టి, నా వైపు చూశారు. “పొలం దావాలకి పడుతుందని విన్నాను తమ్ముడూ. దీనిక్కూడా పడుతుందా” అని అడిగారు. నేను నియమావళి నాలుగో ప్రకరణం అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లోపలికెళ్ళి ఏదో తీసుకుని, చెప్పులేసుకున్నారు. వీధి చివర దాకా వెళ్ళొద్దాం రమ్మన్నారు. ఎక్కడికని నేను అడగలేదు. అడిగితే ఆపాలి, ఆపడం నా వల్ల అయ్యేది కాదు.

సువార్తమ్మ అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. ఫిలేమోనుగార్ని చూసి లేవబోతే, కూర్చోమని తనూ ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆయన తలొంచుకుని, నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లిగా ఏదో అన్నారు.

“ఏంటయ్యగారూ?” అంది ఆమె.

ఆయన మళ్ళీ చెప్పారు. ఆమె చెయ్యి తుడుచుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకొంచెం గట్టిగా చెప్పారు. పక్కింటావిడ బయటికొచ్చింది. సువార్తమ్మకి మాత్రం ఏసోబు అన్న పేరొక్కటే వినపడినట్టుంది. “ఏసోబుకేంటి?” అని అడిగింది, ఆ మనిషి ఇంట్లోనే ఉన్నట్టు. ఇరవై నాలుగేళ్ళు మనసులో గొణుక్కున్న మాట ఫిలేమోనుగారు అప్పుడు గొంతెత్తి అరిచారు. కాలవ అవతల గేదెలు కడుగుతున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

“ఏసోబుని మన దొడ్డిలో పెట్టనివ్వలేదు సువార్తమ్మా. తాళం నా చేతిలో ఉంది. తియ్యలేదు. తప్పు నాది.”

సువార్తమ్మ ఆయన మొహంలోకి చూసింది.

“ఆ ముక్క నాకు తెల్దేంటయ్యగారూ?” అంది మెల్లిగా. “మీకు తెలుసో లేదో తెలవక, ఇన్నేళ్ళ నుంచీ ఆ చాప మీద కూకుని చూస్తన్నా.”

ఫిలేమోనుగారు ఏడ్చారు. దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆమె ఓదార్చలేదు. పర్లేదు అని కూడా అనలేదు. ఒలిచిన రొయ్యల మీద మూత పెట్టి, గట్టు మీది మట్టి గుప్పెడు దొడ్డిలో పోసుకోనిస్తారా అని అడిగింది. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. ఇందాక లోపలికెళ్ళి తెచ్చింది అదేనని అప్పుడర్థమైంది. ఆ సాయంత్రం తువ్వాలులో మట్టి తెచ్చి ఆమే గేటు తీసింది. నాకు రాసుకు రమ్మన్నారు కదా, నేనేమీ రాసుకోలేదు.

రాయకపోయినా ఊరంతా విన్న మాట ఆఫీసుకి చేరకుండా ఉంటుందా. సోమవారం విచారణ పెట్టారు. అభియోగాలు రెండు. ఒకటి, అనుమతి లేని పశ్చాత్తాపం. రెండోది, వీధి అంతటికీ వినపడు శబ్దముతో గోప్యతా ఉల్లంఘన. ఆమెకి చెముడండీ, అందుకని గట్టిగా చెప్పాల్సొచ్చింది అన్నారు ఫిలేమోనుగారు. సీలాసుగారు ఆ సంజాయిషీని కొట్టిపారేశారు.

“పాపము చేసిన నాటికి ఆమెకు చక్కగా వినపడుచుండెను గదా. అప్పుడే ఒప్పుకొనియున్నచో మెల్లగా సరిపోయెడిది.”

ఫిలేమోనుగారు తలెత్తి చూశారు. “ఈ గదిలో ఇవాళ నిజమైన మాట అదొక్కటేనండీ” అన్నారు. సీలాసుగారు దాన్ని నేర అంగీకారంగా రాయమన్నారు.

ఆరోగ్య పత్రం నిరాకరించారు. ఆత్మీయంగా అనారోగ్యవంతుడని రికార్డులో రాశారు. ఆఖరు ఆదివారం బల్ల ఇవ్వడానికి పట్నం నుంచి సంపూర్ణ ఆరోగ్యవంతులు తీతుగారిని పంపారు. నేను వెళ్ళలేదు, చూసినవాళ్ళు చెప్పారు. ఫిలేమోనుగారు తెల్లంగీ వేసుకోకుండా వచ్చి వెనక చాప మీద కూర్చున్నారట, సువార్తమ్మ పక్కన. బల్లకి రమ్మని పిలవగానే ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె లేచిందట. ముందుకెళ్ళి, రొట్టె ముక్క అందుకుని, తినకుండా చేత్తో పట్టుకుని వెనక్కొచ్చి, సగం తుంచి ఫిలేమోనుగారి చేతిలో పెట్టిందట.

తీతుగారు వెంటనే ఆఫీసుకి ఫిర్యాదు రాశారు. సీలాసుగారు నియమావళి అంతా తిరగేశారు. ఆరోగ్య పత్రం లేని పాస్టరు బల్ల ఇయ్యరాదని ఉంది. అటువంటి పాస్టరుకి ఎవరూ ఇయ్యరాదని ఎక్కడా లేదు. ఆ వాక్యం టైపు చెయ్యడం నేనే మర్చిపోయానేమోనని నన్ను అనుమానంగా చూశారు. ఉద్యోగంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అయ్యుండేది. అది కూడా నేను చేసింది కాదు.

ఆ వారంలోనే సీలాసుగారు నన్ను పిలిచి, ఇరవై నాలుగేళ్ళ కిందటి ఆ ఉత్తర్వు పాత కాగితాల గదిలో ఎక్కడుందో చూసి, ఎవరికంటా పడకుండా బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు. రెండు పూటలు దుమ్ములో వెతికితే దొరికింది. కాగితం పచ్చబడిందిగాని అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘విగ్రహోత్సవములలో వాద్యము వాయించువారిని సంఘమునుండి తొలగించవలెను. అట్టివారు మరణించినయెడల సమాధుల దొడ్డిలో స్థలము ఇయ్యరాదు.’ కింద అప్పటి అధ్యక్షులవారి సంతకం. ఆయన పోయి పదేళ్ళయింది, సమాధి దొడ్డిలో మంచి చోటే ఇచ్చారు.

ఎడమ మూల చిన్న అక్షరాల్లో జా.క. అని ఉంది.

ఎంత గుర్తు చేసుకుందామన్నా ఆ రోజు గుర్తు రాలేదు. భోజనానికి ముందు కొట్టానో, తర్వాత కొట్టానో. పక్కవాడితో కబుర్లాడుతూ కొట్టి ఉంటాను. ఉద్యోగంలో చేరిన కొత్త, తప్పులు రాకూడదని మహా పట్టుదలగా ఉండేవాణ్ణి. మళ్ళీ మళ్ళీ చదివి చూశాను. ఒక్క అక్షర దోషం లేదు.

కాగితం తీసుకెళ్ళి సీలాసుగారి ముందు పెట్టి, నాకో ఒప్పుకోలు నమూనా ఇప్పించమని అడిగాను. ఆయన ఎడమ మూల చూశారు, నన్ను చూశారు. మొదటిసారి ఆయన గొంతులో కొంచెం జాలి వినిపించింది.

“ఈ నమూనా అభిషిక్తులకు మాత్రమే కర్నేలీ. గుమాస్తాలకు పాపములు మంజూరు కాలేదు.”

ఆ మాటా నిజమే. పైగా ఇప్పుడు, రెండు నెలలకి, విభాగం కూడా మూసేస్తున్నారు. అధ్యక్షులుగారు పోయిన వారం ఇంకో సదస్సుకి వెళ్ళొచ్చారు, ఈసారి కృతజ్ఞత మీద. ప్రతి పాస్టరూ నెలకి పది కృతజ్ఞతలు పంపాలని సర్క్యులరు సిద్ధమవుతోంది. సగం టైపు చేసి వదిలేశాను. ఇవాళ సెలవు పెట్టాను.

లాకులపాడు బస్సు పదింటికి. సువార్తమ్మకి ఈ రెండు నెలల్లో చెముడు మరీ ముదిరిందట, చెవిలో నోరు పెట్టి అరిస్తేగాని వినపడదట. నాది ఆఫీసు గొంతు, ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి పైకి లేవలేదు. బస్టాండులో ఓ మూల నిలబడి, దగ్గుతూ, సరిచేసుకుంటున్నాను.